రైఫిల్ స్టాక్ రీఫినిషింగ్: చెకరింగ్ దగ్గర వచ్చే తిప్పలు

ఫ్యాక్టరీ వాల్‌నట్ స్టాక్‌ని, అంటే రైఫిల్ చెక్క భాగాన్ని, మళ్ళీ పాలిష్ చేసేటప్పుడు ముందుగా పాడయ్యేది చెకరింగే, అంటే చెయ్యి పట్టు జారకుండా ఉండే అడ్డదిడ్డ గీతల డిజైన్. ఇక్కడ చెప్పేవి ముఖ్యంగా 1962లో వచ్చిన రెమింగ్టన్ 700 బీడీఎల్‌కీ, 1964 తర్వాతి వించెస్టర్ మోడల్ 70కీ వర్తిస్తాయి. పని మొదలుపెట్టే ముందు ఛాంబర్ (తూటా కూర్చునే గది), మ్యాగజైన్ ఖాళీయేనా అని కంటితో చూసి, వేలితో తడిమి, బోల్ట్ తీసేయండి. స్టాక్‌ని బిగించే స్క్రూలు విప్పడం ఆ తర్వాతే. ముందు స్క్రూ, వెనక స్క్రూ పొడవులు వేరు కాబట్టి ఏది ఎక్కడిదో రాసి పెట్టుకోండి.

చెకరింగ్‌లో గీతలు పైకి, డైమండ్లు లోపలికి ఉన్నాయి

భూతద్దం పెట్టి చూడండి. వరి మడుల్లా గట్లు పైకి లేచి, మడులు కిందికి ఉంటే అది కోసిన చెకరింగ్ కాదు, వేడి అచ్చుతో ఒత్తినది. 700కీ, 1964 తర్వాతి మోడల్ 70కీ తొలి ఏళ్ళలో ఇలాగే చేసేవారు. దీన్ని కటర్‌తో (గాడి కోసే చేతి పనిముట్టు) పదును పెట్టలేరు, ఎందుకంటే మీరు వెతికే గాడి అక్కడ లేదు. ఆవిరి కూడా తగలనివ్వకండి. నొక్కుకుపోయిన పీచు ఉబ్బిందంటే డిజైన్ చెరిగిపోతుంది.

దారులు రెండే. ఒకటి, పాత పాలిష్‌ని బ్రష్‌తో శుభ్రం చేసి, పలచటి నూనె పట్టించి అలాగే వదిలేయడం. రెండోది, ప్రతి గట్టు నెత్తిన కటర్ నడిపి, గుంట అడుగు కన్నా కిందికి గాడి దింపి, అసలు డైమండ్లు తేవడం. ఇది ఒక్కసారి గీస్తే దిగేది కాదు, పలుమార్లు తిరగాలి. మొదటి స్టాక్ మీద ఈ సాహసం చేయొద్దనే మా మాట.

రిమూవర్ రాసినా పాలిష్ కదలడం లేదు

బీడీఎల్ మీదున్నది డూపాంట్ తయారుచేసిన ఆర్‌కేడబ్ల్యూ అనే పాలిష్. గాజు పెంకులా మందంగా, గట్టిగా ఉంటుంది. దాన్ని ఇట్టే లేపే మిథిలీన్ క్లోరైడ్ రిమూవర్లను అమెరికాలో 2019 నుంచి మామూలు కొనుగోలుదారులకు అమ్మడం లేదు. ఆ ఆవిరి ప్రాణాలు తీసింది. బెంజైల్ ఆల్కహాల్ రకాలు పనిచేస్తాయి గానీ నెమ్మదిగా. 120 నంబరు గరుకు కాగితంతో నిగనిగను మాత్రం గీకి, రిమూవర్ దట్టంగా పూసి, ఆరిపోకుండా పాలిథిన్ చుట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున ప్లాస్టిక్ గీకుడుతో తీయండి. ఇనుప గీకుడు వాల్‌నట్‌ని లోతుగా గాయపరుస్తుంది. చేతికి గ్లోవ్స్, గదికి గాలి తప్పనిసరి.

గాళ్ళలో పాత పాలిష్ తెల్లగా మిగిలింది

మొత్తం మీద ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. తొందరలో గరుకు కాగితం మడిచి చెకరింగ్ మీద నడిపిస్తారు. రెండు నిమిషాల్లో డైమండ్ మొనలన్నీ మొద్దుబారతాయి. రిమూవర్ పూసి కాసేపు ఉంచి, గాడి వెంట మాత్రమే, రెండు దిక్కుల్లోనూ, మెత్తటి ఇత్తడి బ్రష్‌తో తోమండి. నైలాన్ టూత్‌బ్రష్ ఘాటైన రిమూవర్‌లో మెత్తబడిపోతుంది. స్టీల్ వూల్ వద్దు, దాని పోగులు డైమండ్లకు తగులుకుని తునకలు లేపుతాయి.

చెక్క పూర్తిగా ఆరాక, కోసిన చెకరింగ్ అయితే ఒంటి గీత కటర్‌తో గాళ్ళు పదును పెట్టండి. కటర్ కోణం పాత గాడితో కలవాలి. 90 డిగ్రీల గాడిలో 60 డిగ్రీల కటర్ పెడితే అడుగున సన్నటి కోత పడుతుందే తప్ప మొన తేలదు. అంచు దగ్గర మొదలుపెట్టి లోపలికి నెట్టండి. లోపలి నుంచి బయటికి నెడితే కటర్ గీత దాటి జారుతుంది, ఆ గీతను ఏ పాలిష్ దాచదు. చుట్టూ చెక్కను రుద్దేటప్పుడు అంచుకి మాస్కింగ్ టేప్ అంటించి, అక్కడ చేత్తో మాత్రమే పని చేయండి.

రంగు మచ్చలు మచ్చలుగా పడుతోంది

అక్కడక్కడా పాత పాలిష్ మిగిలింది. మినరల్ టర్పెంటైన్‌తో తడిపి వాలు వెలుతురులో చూస్తే ఆ చోట్లు తేడాగా మెరుస్తాయి. మళ్ళీ రిమూవర్ పూయండి. ట్యాంగ్ (రైఫిల్ లోహ భాగం వెనక చివర స్టాక్‌లోకి దిగే తోక) వెనక నల్లగా ఉంటే అది వేరే సంగతి. రైఫిల్‌ని ఏళ్ళ తరబడి నిలబెట్టి ఉంచితే గన్ ఆయిల్ చెక్కలోకి దిగుతుంది. సుద్దపొడిని అసిటోన్‌తో ముద్దలా కలిపి పూసి, ఎండాక బ్రష్‌తో దులిపేయండి. ముద్ద రంగు మారడం ఆగేదాకా మళ్ళీ మళ్ళీ పూయాలి. నిప్పు దరిదాపుల్లో ఉండకూడదు.

నొక్కులు

పీచు తెగకపోతే తడిగుడ్డ మీద ఇస్త్రీ పెట్టె ఆనిస్తే లేస్తాయి. పీచు తెగితే లేవవు.

నూనె జిగటగానే ఉంది

దట్టంగా పూశారు, లేదా పచ్చి అవిసె నూనె వాడారు. టర్పెంటైన్‌తో తుడిచేసి, ట్రూ ఆయిల్ లాంటి స్టాక్ పాలిష్ నూనె కొన్ని చుక్కలు అరచేత్తో రుద్దండి, పూతకీ పూతకీ మధ్య ఒక రోజు ఇవ్వండి. ఎనిమిది, పది పూతలు పడతాయి. చెకరింగ్‌కి అన్నిటికన్నా చివర్లో, సగానికి సగం టర్పెంటైన్ కలిపిన నూనె ఒకే పూత వేసి, పదినిమిషాల్లో పొడి బ్రష్‌తో లాగేయండి. లేకపోతే గాళ్ళు నిండి, చేసిన పనంతా పూడిపోతుంది. నూనె గుడ్డలు ఉండ చుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్ళలో ముంచండి, లేదా పరిచి ఆరేయండి.

బిగించాక గురి మారింది

స్టాక్‌లో బారెల్ కూర్చునే గాడిని గరుకు కాగితంతో రుద్దారేమో చూడండి. 700లో ఫోరెండ్ (స్టాక్ ముందు భాగం) కొన దగ్గర బారెల్‌ని కింది నుంచి నొక్కే చిన్న మెట్టు ఫ్యాక్టరీలోనే ఉంటుంది. అది అరిగితే గుళ్ళు పడే చోటు కదులుతుంది. లోపలి చెక్కకీ, బట్ ప్లేట్ (భుజానికి ఆనే వెనక పలక) కింది అడ్డుకోతకీ పలచటి పూత వేయకపోయినా అంతే, వానాకాలంలో చెక్క ఉబ్బి బారెల్‌ని పక్కకి నెడుతుంది. బిగించాక బారెల్ కింద ఒక కాగితం ముక్క దూర్చి మెట్టు దాకా లాగండి. దారిలో ఇంకెక్కడ పట్టుకున్నా, చెక్క తగులుతున్నది అక్కడే.