పొగమంచు దిగకముందే పాత కారు పార్కింగ్ లైట్లు చూసుకోండి

సంక్రాంతికి తెల్లవారుజామునే విజయవాడ హైవే ఎక్కేవాళ్లు టైర్లలో గాలి చూస్తారు, కూలెంట్ చూస్తారు. పార్కింగ్ లైట్ల జోలికి మాత్రం పోరు. హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి కదా అని ధీమా. పాత కార్లలో సాధారణంగా ముందుండే రెండు చిన్న లైట్లు, వెనక రెండు ఎర్ర లైట్లు, నంబరు ప్లేటు లైటు, మీటర్ల దగ్గరి వెలుగు అన్నీ ఈ పార్కింగ్ లైన్ మీదే ఉంటాయి. అది పోతే మీకు దారి కనిపిస్తూనే ఉంటుంది, వెనకొచ్చే లారీ డ్రైవరుకు మీ కారు కనిపించదు. వెనక ఎర్ర లైటు 155 మీటర్ల నుంచి కనిపించాలనీ, నంబరు 50 మీటర్ల నుంచి చదవగలగాలనీ 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. మంచులో అదెలాగూ తగ్గుతుంది, ఇక లైటే మసకగా ఉంటే చెప్పేదేముంది.

చీకటి పడ్డాక కారు వెనక భాగం గోడవైపు ఉండేలా నిలిపి, ఇంజన్ ఆపి, పార్కింగ్ స్విచ్ వేయండి. తాళంచెవి తీసేసినా ఇవి వెలగాలి. తర్వాత తాళంచెవి ఆన్‌లో పెట్టి బ్రేకు తొక్కండి, ఇండికేటర్లు ఒక్కొక్కటీ వేయండి. గోడమీద పడే వెలుగు అద్దంలో చూస్తే చాలు, ఇంకో మనిషి అక్కర్లేదు.

అన్నీ ఒకేసారి ఆరిపోయి, మీటర్ల వెలుగు కూడా లేకపోతే ఫ్యూజుగానీ స్విచ్చుగానీ. ఒక్కటే ఆరితే బల్బు, హోల్డరు, ఎర్త్ (కారు బాడీకి బిగించే వైరు) ఈ మూడింటిలో ఏదో ఒకటి. పాత కారులో నేను ముందుగా అనుమానించేది ఎర్త్‌నే. బ్రేకు తొక్కితే పార్కింగ్ లైటు డల్ అవుతున్నా, ఇండికేటర్‌తో పాటు పక్క లైటు కూడా కొట్టుకుంటున్నా అది ఎర్త్ గోలే. కరెంటుకు తిరిగి బాడీలోకి వెళ్లే దారి దొరక్క, పక్క బల్బులోంచి దూరి పోతుంది. రూఢి చేసుకోవడం తేలిక. వైరు ముక్క ఒక కొసను తుప్పులేని బాడీ బోల్టుకూ, రెండో కొసను హోల్డరు ఎర్త్ వైరు కలిసే చోటికీ తాకించండి. లైటు ఒక్కసారిగా ప్రకాశంగా వెలిగిందంటే దొంగ దొరికినట్టే. బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఎర్త్ బోల్టు విప్పి, ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన కాస్త గ్రీజు పూయండి. హోల్డర్లో ఆకుపచ్చ చిలుము ఉంటే అదీ గీకేయాలి. చిలుము ఉందంటే లైటు గాజు చుట్టూ ఉన్న రబ్బరు చీలి నీళ్లు దిగుతున్నాయన్నమాట. రబ్బరు మార్చకపోతే వచ్చే వానాకాలానికి మళ్లీ ఇదే పని.

బల్బు దగ్గర ఒక్క మాట. వెనక చాలా కార్లకు 21/5 వాట్ల డబుల్ కాంటాక్ట్ బల్బు ఉంటుంది. 5 వాట్ల ఫిలమెంట్ పార్కింగ్‌కు, 21 వాట్లది బ్రేకుకు. దాని పక్క పిన్నులు ఒకే ఎత్తులో ఉండవు కాబట్టి బలవంతంగా తిప్పి దూర్చకూడదు. ఎక్కువ వెలుగు కోసం పెద్ద వాట్ల బల్బు వేస్తే హోల్డరు కరుగుతుంది. ఎర్ర గాజు వెనక తెల్ల ఎల్‌ఈడీ పెడితే గులాబీ రంగు వస్తుంది, అదీ వద్దు.

ఫ్యూజు మార్చిన వెంటనే మళ్లీ పోతోందా? ఫ్యూజుకు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టే పని మాత్రం పెట్టుకోకండి. వైరింగ్ కాలి పొగలొస్తాయి. బల్బులన్నీ తీసేసి, మాన్యువల్లో రాసిన ఆంపియర్ల ఫ్యూజే వేసి స్విచ్ వేయండి. నిలబడితే బల్బులు ఒక్కొక్కటీ పెడుతూ రండి, ఏది పెట్టగానే పోతుందో తప్పు అక్కడే. బల్బులు లేకుండానే పోతుంటే వైర్లలో షార్ట్ ఉన్నట్టు. ముందు డిక్కీ మూత కీలు దగ్గర చూడండి, మూత ఎత్తి దించే కొద్దీ అక్కడ వైరు తొడుగు నలిగి చీలుతుంది. రెండో చోటు మ్యూజిక్ సిస్టమ్ వెనక. బయట బిగించిన సెట్టుకు రాత్రి వెలుగు కోసం పార్కింగ్ లైన్ నుంచి ఒక వైరు లాగుతారు. సెట్టు మార్చినప్పుడు దాని కొస టేపు లేకుండా వేలాడి ఏ ఇనుముకో తగులుతుంది. వైరులో కరెంటుందో లేదో చూడ్డానికి గుండుసూది గుచ్చకండి, ఆ కన్నంలోంచి తేమ పట్టి రాగి తినేస్తుంది. డ్యాష్‌బోర్డు విప్పాల్సొస్తే ఆటో ఎలక్ట్రీషియన్‌కు వదిలేయడం మంచిది.

బాగయ్యాక ఆర్పడం మర్చిపోకండి. ముందు రెండు, వెనక రెండు, నంబరు ప్లేటుది ఒకటి, ఈ ఐదు బల్బులూ కలిసి 25 వాట్లు, అంటే గంటకు సుమారు రెండు ఆంపియర్ అవర్లు. 35 ఆంపియర్ అవర్ల పాత బ్యాటరీ తెల్లారేసరికి సెల్ఫ్ కొట్టదు.

మంచులో పార్కింగ్ లైట్లతోనే బండి నడపకండి, హెడ్‌లైట్ డిమ్‌లో ఉండాలి. దారిలో వెనక లైట్లు పోతే హజార్డ్ లైట్లు వేసుకుని మెల్లగా పెట్రోలు బంకుకో టోల్ ప్లాజాకో చేరండి. వాటి లైను సాధారణంగా వేరేగా ఉంటుంది కాబట్టి అవి వెలుగుతాయి. రోడ్డు పక్కన ఆగక తప్పకపోతే కారులో ఎవరూ కూర్చోకుండా అందరినీ రెయిలింగ్ అవతలికి పంపి, కనీసం 50 మీటర్ల వెనక ట్రయాంగిల్ పెట్టాకే బానెట్ ఎత్తండి.