చిక్కుముడి కథల సిరీస్‌ను ఎలా చూడాలి?

మొదటి ఎపిసోడ్ అయ్యేసరికి పది పదిహేను పాత్రలు వచ్చి వెళ్తాయి. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియదు, ఎవరి పక్షాన ఉండాలో తెలియదు. చాలామంది అక్కడే ఆపేసి "ఇది మనకు ఎక్కదులే" అంటారు. కానీ ఇది తెలివికి సంబంధించిన సంగతి కాదు. అలాంటి సిరీస్‌లో కొంత కథను కావాలనే చెప్పకుండా వదిలేస్తారు. ఆ ఖాళీని పూరించాల్సింది మనమే. ఇంకెవరో మన కోసం పూరించేస్తే మిగిలేది కథాసారాంశం మాత్రమే.

డైలీ సీరియల్ లెక్క వేరు. వంట చేస్తూ, పిల్లల చేత హోంవర్క్ చేయిస్తూ చూసేవాళ్ల కోసం దాన్ని తీస్తారు కాబట్టి జరిగిందే మళ్లీ మళ్లీ చెబుతారు. దూరదర్శన్ రోజుల్లో కరెంటు పోతే ఆ వారం ఎపిసోడ్ పోయినట్టే. డీవీడీలు, ఆ తర్వాత స్ట్రీమింగ్ వచ్చాక వెనక్కి తిప్పి చూసే వీలు దొరికింది. అప్పటినుంచి మూడో ఎపిసోడ్‌లో కనిపించిన వస్తువు ఎందుకుందో పన్నెండో ఎపిసోడ్‌లో చెప్పే ధైర్యం రచయితలకు వచ్చింది. తెలుగువాళ్లకు ఇది పరాయి విద్య కూడా కాదు. 16వ శతాబ్దంలోనే పింగళి సూరన కళాపూర్ణోదయం అనే కావ్యంలో కథను ముందువెనకలు చేసి చెప్పి, అసలు రహస్యాలను చాలా ఆలస్యంగా విప్పాడు.

ముందు సరైనది ఎంచుకోండి

విశాఖవాళ్లకు నా సలహా 'ది వైర్'. బాల్టిమోర్ అనే అమెరికా ఓడరేవు నగరం కథ ఇది. 2002 నుంచి 2008 వరకు 5 సీజన్లు, 60 ఎపిసోడ్లుగా వచ్చింది. దీని సృష్టికర్త డేవిడ్ సైమన్ అదే ఊళ్లో పత్రికా విలేకరిగా పనిచేసినవాడు. రెండో సీజన్‌లో కథ ఎక్కువగా రేవు చుట్టూ తిరుగుతుంది: కంటైనర్లు, క్రేన్లు, యూనియన్ ఆఫీసు, పని దొరుకుతుందో లేదోనని కూర్చునే కార్మికులు. మన రేవు దగ్గరి కాన్వెంట్ జంక్షన్ మీదుగా పోయే కంటైనర్ లారీలను రోజూ చూసేవాళ్లకు ఆ లోకం తొందరగా పట్టుబడుతుంది. హింస, బూతులు ఎక్కువ కాబట్టి పిల్లలతో కలిసి చూసేది కాదు.

అర్థం కాకపోతే కంగారు పడకండి

ఫోన్ వేరే గదిలో పెట్టండి. సబ్‌టైటిళ్లు ఆన్ చేయండి. మొదటి మూడు ఎపిసోడ్ల దాకా తీర్పు ఇవ్వకండి.

నోట్‌బుక్ పెట్టుకోండి

నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. పేజీ మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు చూసింది రాయండి, కుడివైపు మీరు అనుకుంటున్నది రాయండి. "అతను డబ్బు తీసుకున్నాడు" ఎడమవైపుకు వెళ్తుంది. "అమ్ముడుపోయాడు" అనేది మీ ఊహ, కుడివైపుకు వెళ్తుంది. రాసి చూస్తేనే తెలుస్తుంది, ఈ రెండింటినీ మనం ఎంత తేలిగ్గా కలిపేస్తామో.

'ది వైర్' మొదటి సీజన్‌లో మత్తుమందు ముఠా పేజర్లకు (సెల్‌ఫోన్లకు ముందు వాడిన, సందేశాలు అందుకునే చిన్న పరికరాలు) నంబర్లను సంకేతంగా పంపుతుంది. ఆ లెక్క ఐదో ఎపిసోడ్‌లో తేలుతుంది. పోలీసు నోరు విప్పేలోగా పాజ్ చేసి, ఫోన్ కీప్యాడ్ బొమ్మ వేసుకుని మీరూ కాసేపు కుస్తీ పట్టండి. దొరక్కపోయినా నష్టం లేదు, జవాబు వినగానే అందులోని తెలివి మీకు రెట్టింపు తెలుస్తుంది.

'డార్క్' అనే జర్మన్ సిరీస్ చూస్తుంటే నోట్‌బుక్ చాలదు, చార్ట్ పేపరు కావాలి. నాలుగు కుటుంబాలు, 33 ఏళ్ల ఎడంతో మూడు కాలాలు: 1953, 1986, 2019. ఒకే మనిషి మూడు వయసుల్లో కనిపించవచ్చు. ఒక్కో సంవత్సరానికి ఒక్కో రంగు పెన్ను వాడండి. మేనత్త, పెదనాన్న అంటూ మన వరుసల్లోనే రాసుకోండి.

ఆటోప్లే ఆపేయండి

నెట్‌ఫ్లిక్స్‌లో ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో ఆ వీలుంది. ఎపిసోడ్ అయ్యాక ఒక ప్రశ్న రాసుకుని పడుకోండి.

ఆ ప్రశ్న "తర్వాత ఏమవుతుంది?" అన్నది కాకుండా చూసుకోండి. దానికి జవాబు కథే చెబుతుంది. "అతనికి ఇంకో దారి ఏముంది?" అని అడగండి. 'ది వైర్' రెండో సీజన్‌లో ఒక యూనియన్ నాయకుడు స్మగ్లర్ల దగ్గర డబ్బు తీసుకుంటాడు. ఆ డబ్బు రేవుకు మళ్లీ పని తెప్పించమని రాజకీయ నాయకుల చుట్టూ తిరగడానికి ఖర్చవుతుంది. అతన్ని ఏమనాలి? స్టీల్ ప్లాంట్ ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా 2021 నుంచి ఆందోళన చూసిన ఊరు మనది. పని పోతే ఊరు ఏమవుతుందన్న భయం మనకు తెలుసు. అయినా స్మగ్లర్ల డబ్బు స్మగ్లర్ల డబ్బే. ఈ రెండు మాటలూ ఒకేసారి మనసులో పెట్టుకుని తర్వాతి ఎపిసోడ్‌కు వెళ్లండి. తేల్చేయాలని తొందరపడకండి.

మరొకరితో మాట్లాడండి

యూట్యూబ్‌లో వివరణ వీడియో చూడాలనిపిస్తుంది. మీ ఊహ రాసుకున్నాక చూడండి, అంతకుముందు వద్దు. దానికంటే పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నడిచేటప్పుడు, అదే సిరీస్ చూస్తున్న స్నేహితుడితో వాదించడం మేలు. బీ షిఫ్టు (మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఉండే డ్యూటీ) వల్ల అతను రెండు ఎపిసోడ్లు వెనకబడితే అతను చూసిన చోటి వరకే మాట్లాడండి.

చివర్లో మళ్లీ మొదటికి రండి

సీజన్ పూర్తయ్యాక మొదటి ఎపిసోడ్ మళ్లీ చూడండి. 'ది వైర్' మొదలయ్యేది ఒక కుర్రవాడి శవం దగ్గర. వాడు ఎప్పుడూ జూదంలో డబ్బు ఎత్తుకుని పారిపోయేవాడని సాక్షి చెబుతాడు. "మరి వాణ్ని ఎందుకు ఆడనిచ్చారు?" అని డిటెక్టివ్ అడుగుతాడు. ఆ కుర్రవాడి హత్యతో తర్వాతి కేసుకు సంబంధం లేదు. మరి 60 ఎపిసోడ్ల కథను అక్కడే ఎందుకు మొదలుపెట్టారు? మీ జవాబు నోట్‌బుక్‌లో కుడివైపు రాయండి.