పిల్లలు దేవుని దీవెన: ఈ విశ్వాసాన్ని ఇంట్లో ఆచరించడం ఎలా?

"కుమారులు యెహోవా అనుగ్రహించు స్వాస్థ్యము, గర్భఫలము ఆయన యిచ్చు బహుమానము" (కీర్తనలు 127:3) అనే వచనాన్ని బిడ్డ పుట్టినప్పుడు క్రైస్తవ కుటుంబాలు సంతోషంతో చదువుకుంటాయి. ఆ మాట నిద్రలేని రాత్రుల్లోనూ, బిడ్డ మొండికేసిన రోజుల్లోనూ నిలవాలంటే దాన్ని ఇంటి అలవాటుగా మార్చుకోవాలి.

ముందుగా తల్లిదండ్రులిద్దరూ కలిసి 127వ కీర్తనను మూడవ వచనం దగ్గర కాక మొదటి నుంచి చదవాలి. యెహోవా ఇల్లు కట్టించకపోతే కట్టేవారి ప్రయాస వ్యర్థమని మొదటి వచనం చెబుతుంది. వేకువనే లేచి పొద్దుపోయేదాకా పడే పాట్లు కూడా వ్యర్థమేనని రెండవది చెబుతుంది. పిల్లల ప్రస్తావన ఆ తరువాతే వస్తుంది. అంటే బిడ్డలు మన శ్రమకో భక్తికో దక్కిన కూలి కారు, దేవుడు తన ప్రేమ కొద్దీ ఇచ్చి మన చేతికి అప్పగించినవారు. ఇది మనసులో స్థిరపడిన తల్లిదండ్రులు పిల్లల మార్కులతోనో ప్రతిభతోనో తమ గౌరవాన్ని కొలుచుకోరు. వైకల్యంతో పుట్టిన బిడ్డను ఎవరి పాపానికో శిక్షగా చూడరు. పుట్టు గుడ్డివాని విషయంలో శిష్యులు అలాంటి ప్రశ్నే వేసినప్పుడు యేసు ఆ ఆలోచనను తోసిపుచ్చాడు (యోహాను 9:3).

రోజూ ఒక్కొక్క బిడ్డను పేరు పెట్టి, ఆ బిడ్డ వినేలా ప్రార్థించండి. విన్నపాలకన్నా ముందు కృతజ్ఞత చెప్పండి. "ప్రభువా, వీడి మొండితనం మాన్పించు" అని బిడ్డ ఎదుట చేసే ప్రార్థన, నా దృష్టిలో, కళ్లు మూసుకుని చేసే మందలింపు మాత్రమే. అలాంటి విన్నపాలను ఏకాంతంలో దేవునికి చెప్పుకోవడం మంచిది. శిశువులకు బాప్తిస్మమిచ్చే సంఘాలున్నాయి, ప్రతిష్ఠ ప్రార్థన (బిడ్డను దేవునికి అప్పగించే ప్రార్థన) చేసి బాప్తిస్మాన్ని బిడ్డ స్వయంగా విశ్వసించే వయసుకు వదిలే సంఘాలూ ఉన్నాయి; మీ సంఘ పద్ధతిని కాపరిని (పాస్టరును) అడిగి తెలుసుకోండి.

బోధకు ప్రత్యేకంగా ఒక గంట కేటాయిస్తే సరిపోతుందని అనుకోవద్దు. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు దేవుని మాటలు పిల్లలతో మాట్లాడాలని ద్వితీయోపదేశకాండము 6:7 చెబుతుంది. కాబట్టి బిడ్డ అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబివ్వండి. తెలియకపోతే ఇద్దరూ కలిసి వాక్యంలో వెతకండి. తన శిష్యుడైన తిమోతిలోని నిష్కపటమైన విశ్వాసం మొదట అతని అవ్వ లోయిలోను, తల్లి యునీకేలోను ఉండేదని పౌలు రాశాడు (2 తిమోతి 1:5). తాతయ్యలకూ అమ్మమ్మలకూ నానమ్మలకూ ఈ పనిలో చోటివ్వండి.

క్రమశిక్షణ దగ్గరే ఈ విశ్వాసానికి అసలైన పరీక్ష ఎదురవుతుంది. యాజకుడైన ఏలీ తన కుమారుల దోషం తెలిసి కూడా వారిని అడ్డగించలేదని 1 సమూయేలు 3:13 తప్పుపడుతుంది. పిల్లలకు కోపం రేపకుండా ప్రభువు శిక్షలోను బోధలోను పెంచమని ఎఫెసీయులకు 6:4 తండ్రులను హెచ్చరిస్తుంది. ఈ రెంటినీ కలిపి చదవాలి. తప్పు ఏమిటో స్పష్టంగా చెప్పండి, బిడ్డను అవమానించకండి, నలుగురిలో పోల్చకండి, మీ ఆవేశం చల్లారాకే మాట్లాడండి. చిన్నబిడ్డలను అడ్డుకున్న శిష్యుల మీద యేసు కోపపడ్డాడు కానీ, ఆ బిడ్డలను ఎత్తి కౌగిలించుకుని ఆశీర్వదించాడు (మార్కు 10:13-16). మన ఇంట్లో మందలింపు తరువాత ఆ కౌగిలి కూడా ఉండాలి.

పిల్లలు పెద్దవారయ్యాక వారి చదువు, వివాహం, సేవ విషయాల్లో సలహా చెప్పి, నిర్ణయాన్ని వారికి వదలాలి. ఎంతో కన్నీటితో అడిగి పొందిన సమూయేలును హన్నా పాలు విడిచిన తరువాత షిలోహులోని మందిరానికి అప్పగించింది, అయినా ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకువెళ్లేది. అప్పగించినంత మాత్రాన ప్రేమ తగ్గదు.

ఈ విశ్వాసాన్ని సంఘంలో పలికేటప్పుడు పిల్లలు లేని దంపతులను గుర్తుంచుకోవాలి. జెకర్యా, ఎలీసబెతు వృద్ధాప్యం వరకు సంతానం లేనివారే, అయినా దేవుని దృష్టికి నీతిమంతులని లూకా 1:6 సాక్ష్యమిస్తుంది. అందువల్ల అలాంటివారిని "ఇంకా విశేషం ఏమీ లేదా?" అని అడగకండి, లోపమేదో ఉందన్నట్టు బహిరంగంగా ప్రార్థించకండి, వారే కోరితే పక్కన కూర్చుని ప్రార్థించండి, సండే స్కూల్‌లో పిల్లలకు బోధించే అవకాశాన్ని వారికి ఇష్టమైతేనే ఇవ్వండి.