బొగ్గు మీద ఆమ్లం – మూడో భాగం: తేడా ఎవరి ఖాతాలోకి?

బొగ్గుకు ఎసిటిక్ ఆమ్లం ఎంత పడుతుందో కొలవడానికి, గత భాగంలో 0.5 మోలార్ (లీటరుకు 0.5 మోల్) ఎసిటిక్ ఆమ్లం, 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాలు విడివిడిగా కలిపి పెట్టుకున్నాం. సోడియం హైడ్రాక్సైడ్‌ని ఆక్జాలిక్ ఆమ్లంతో సరిచూసి వారం దాటితే ఇవాళ మళ్లీ ఒకసారి చూడండి. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటుంది, బలం తగ్గుతుంది.

ఇక అసలు పని. ఉత్తేజిత బొగ్గు (సన్నని రంధ్రాలతో విశాలమైన ఉపరితలం ఉన్న బొగ్గు) ఉపరితలానికి పట్టిన ఆమ్లాన్ని ఈ పద్ధతిలో నేరుగా కొలవం. ముందు ఎంతుందో, తర్వాత ఎంత మిగిలిందో చూసి, తేడా మొత్తం బొగ్గు ఖాతాలో రాస్తాం. వడ్ల కాంటా దగ్గర తరుగు తీసినట్టే. తేమకు ఎంత పోయిందో, తాలుకు ఎంత పోయిందో తరుగు అంకె చెప్పదు. ఇక్కడ కూడా ఆవిరైన ఆమ్లం, వడపోత కాగితం తాగిన ఆమ్లం, బొగ్గులోని బూడిద తటస్థీకరించిన ఆమ్లం అన్నీ అధిశోషణం (ఉపరితలానికి పట్టుకోవడం) కిందే జమవుతాయి. ఈ భాగంలో సగం శ్రమ ఆ దొంగదారులు మూయడానికే.

ముందు బొగ్గు సంగతి. 110 డిగ్రీల ఓవెన్‌లో 2 గంటలు ఉంచి, డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) చల్లార్చి, వెంటనే తూచాలి. పత్తిలో తేమ 8 శాతం దాటితే ధరలో కోత పడుతుందని ఎనుమాముల మార్కెట్‌కి వచ్చే రైతులకు తెలుసు. వానాకాలంలో మూత తీసి వదిలేసిన బొగ్గు అంతకంటే ఎక్కువే లాగుతుంది. 10 శాతం తేమ ఉంటే మీరు 1 గ్రాము అని రాసిన చోట నిజంగా ఉన్నది 0.9 గ్రాములే.

తర్వాత బూడిద పరీక్ష. 1 గ్రాము బొగ్గును 50 మి.లీ. స్వేదన జలంలో అరగంట కుదిపి, వడపోసి, ఆ నీటి పీహెచ్ చూడండి. మామూలు స్వేదన జలం కంటే స్పష్టంగా ఎక్కువుంటే బొగ్గులో క్షారం ఉన్నట్టు. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి, ఆపై స్వేదన జలంతో కడుగుతూ పోవాలి. కడిగిన నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లటి మసక రాకూడదు, అప్పుడే ఆపాలి. రైస్ మిల్లు దగ్గర ఊరికే దొరికే ఊక బూడిదను వాడొచ్చా అంటే, వద్దు. అందులో ఎక్కువ భాగం సిలికా, బొగ్గు కాదు.

పొడిగా ఉన్న ఆరు స్టాపర్ సీసాలు తీసుకోండి. మొదటి ఐదింటిలో బ్యూరెట్‌తో వరుసగా 50, 40, 30, 20, 10 మి.లీ. ఆమ్లం పోసి, నీళ్లతో ఒక్కోటి 50 మి.లీ. చేయండి. ఒక్కో సీసాలో దాదాపు 1 గ్రాము బొగ్గు వేసి, అసలు బరువును మూడో దశాంశం దాకా రాసుకోండి. ఆరో దాంట్లో 20 మి.లీ. ఆమ్లం, 30 మి.లీ. నీళ్లు, బొగ్గు మాత్రం లేదు. మూతలు బిగించి అరగంట కుదిపి, గంటసేపు బకెట్ నీళ్లలో నిలపండి. అన్నీ ఒకే పూట, ఒకే నీళ్లలో. అధిశోషణంలో వేడి విడుదలవుతుంది కాబట్టి ఉష్ణోగ్రత పెరిగితే పట్టు తగ్గుతుంది. మే నెలలో హనుమకొండలో పొద్దున ఒక సీసా, మధ్యాహ్నం ఇంకో సీసా చేస్తే రెండూ ఒకే గీత మీదికి రావు.

ఎక్కువమంది పొరపడేది వడపోతలో. గరాటు, కాగితం, బీకరు మూడూ పొడిగా ఉండాలి. మొదట దిగిన 10 మి.లీ. పారబోయండి, కాగితం తాగాల్సింది ఆ వంతులోనే తాగేస్తుంది. అవక్షేపాలు కడిగిన అలవాటు కొద్దీ చెయ్యి వాష్ బాటిల్ మీదికి పోతుంది. కాగితం మీద మిగిలిన బొగ్గును కడిగారో, పట్టుకున్న ఆమ్లం తిరిగి నీళ్లలోకి దిగుతుంది, కింది ద్రావణం కూడా పలచనవుతుంది. ఆ సీసా ఇక లెక్కకు రాదు.

మొదటి రెండు సీసాల వడపోత ద్రవం 5 మి.లీ., మిగతావాటిది 10 మి.లీ. పిపెట్‌తో తీసి, ఫినాఫ్తలీన్ సూచిక వేసి, బ్యూరెట్‌లోంచి సోడియం హైడ్రాక్సైడ్‌ని వదులుతూ అంశమాపనం (టైట్రేషన్) చేయండి. లేత గులాబీ రంగు అర నిమిషం నిలవాలి.

ఉదాహరణకు నాలుగో సీసాకు 16.2 మి.లీ., బొగ్గు లేని ఆరో సీసాకు 19.8 మి.లీ. పట్టాయనుకుందాం. గాఢతలు 0.162, 0.198. తేడా 0.036 మోలార్. 50 మి.లీ.లో అది 1.8 మిల్లీమోల్‌లు, అంటే 108 మిల్లీగ్రాములు. పోసిన కొలతల ప్రకారం ఉండాల్సిన 0.200 పట్టుకుని కూర్చుంటే 114 వచ్చేది. బ్యూరెట్‌లో 0.05 మి.లీ. చుక్క తప్పితే 16.2 మీద అది 0.3 శాతమే, కానీ తేడా మీద 1.4 శాతం. అందుకే ప్రతి అంశమాపనం రెండు సార్లు.

ఆరో సీసాకు 20.0 రావాల్సింది, 19.8 ఎందుకొచ్చింది? వడపోయని ద్రవాన్నే అంశమాపనం చేసి చూడండి. 20.0 వస్తే తప్పు కాగితానిది. 19.8 దగ్గరే నిలిస్తే మీ ఆమ్లం అనుకున్నంత బలంగా లేదు, లేదా కలిపేటప్పుడు కొలత తప్పింది.

ఇప్పుడు మిగిలిన గాఢతను అడ్డంగా, గ్రాము బొగ్గుకు పట్టిన ఆమ్లాన్ని నిలువుగా మామూలు గ్రాఫ్ కాగితం మీద గుర్తించండి. ఈ రెండింటి లాగరిథమ్‌లతో గీసే ఫ్రాయిండ్లిష్ గీత ఆ తర్వాతే, ఎందుకంటే లాగరిథమ్‌లో తప్పు బిందువు కూడా బుద్ధిగా కూర్చున్నట్టే కనిపిస్తుంది. ఆ గీత వాలు 0, 1 మధ్య ఉండాలి. ఐదో సీసా ఒక్కటే గీతకు పైన నిలిస్తే బూడిదను అనుమానించండి. బూడిద తినేది అన్ని సీసాల్లో దాదాపు ఒకటే, పలచని ద్రావణంలోనే అది పెద్ద వంతుగా కనబడుతుంది.

నాలుగో భాగంలో లాంగ్‌మ్యూర్ గీత (ఆమ్లం బొగ్గు మీద ఒకే పొరగా పడుతుందన్న లెక్కతో వచ్చేది) గీసి, ఒక్కో ఎసిటిక్ ఆమ్ల అణువు 0.21 చదరపు నానోమీటర్లు ఆక్రమిస్తుందన్న అంచనాతో బొగ్గు ఉపరితల వైశాల్యం లెక్కిద్దాం. అప్పటికి ఐదు సీసాల గాఢత, గ్రాముకు పట్టిన మిల్లీమోల్‌లు, బకెట్ నీళ్ల ఉష్ణోగ్రత పట్టికలో రాసి ఉంచుకోండి. లాగరిథమ్‌లు అక్కర్లేదు.