ఏజెంట్ల మధ్య నమ్మకం, 4వ పాఠం: సంతకం సరిపోయినా ఆగండి

ఏజెంట్లు, అంటే మన తరఫున పనులు చేసే ప్రోగ్రాములు, ఒకదానికొకటి పంపుకునే మెసేజ్‌ల మీద డిజిటల్ సంతకం పెట్టడం గురించి పోయిన పాఠంలో చెప్పాను. ఆ తర్వాత మీ దగ్గర్నుంచి వచ్చిన మెసేజ్‌లన్నిటిలో ఒకటే గోల, "సార్, కీలు సరిగ్గానే పెట్టాం, సంతకం మాత్రం మ్యాచ్ కావట్లేదు" అని. తప్పు నాదే, చెప్పాల్సింది మింగేశాను. సంతకం పడేది బైట్ల మీద, వాటి అర్థం మీద కాదు. జేసన్‌ని (మెసేజ్ రాసే టెక్స్ట్ ఫార్మాట్) విప్పి మళ్లీ రాసేటప్పుడు ఒక స్పేస్ ఎగిరిపోయినా, ఫీల్డుల వరుస మారినా అంతే సంగతులు. వరుసని ఒకే తీరుగా పెట్టడానికి ఆర్‌ఎఫ్‌సీ 8785 అని ఒక ఇంటర్నెట్ టెక్నికల్ పత్రం 2020లో వచ్చింది గానీ, నేనైతే దాని జోలికి పోను. వచ్చిన బైట్లని వచ్చినట్టే చెక్ చేసి, ఆ తర్వాతే పార్స్ చేస్తాను, అంటే విప్పి చదువుతాను.

కీల జత (సంతకం పెట్టే రహస్య కీ, దాన్ని చెక్ చేసే పబ్లిక్ కీ) తయారీ మళ్లీ చెప్పను. ఎడ్25519 అనే సంతకం పద్ధతి వాడండి, చాలు.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. సంతకం సరిపోగానే చాలామంది కోడ్ పని చేసేస్తోంది. తిరుపతిలో విష్ణు నివాసం దగ్గర సర్వదర్శనం టోకెన్ తీసుకున్నవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు: టోకెన్ అసలుదే, కానీ ఆధార్ మీది కాదు, స్లాటు నిన్నటిది, అప్పుడు లోపలికి పంపుతారా? జేడబ్ల్యూటీలోనూ, అంటే ఏజెంట్ అనుమతి కోసం చూపించే సంతకం ఉన్న టోకెన్‌లోనూ, అంతే. దాని ఫీల్డుల్లో ఎవరిచ్చారో ఐఎస్ఎస్ చెబుతుంది, ఎవరి దగ్గర చెల్లుతుందో ఏయూడీ, ఎప్పటిదాకా అనేది ఈఎక్స్‌పీ, వాడేసిందా లేదా అని పట్టుకోవడానికి జేటీఐ. అందరూ వదిలేసేది ఏయూడీనే. దామలచెరువు మండీలో తోతాపురి ధర కనుక్కోమని రైతు ఏజెంట్ ఒక టోకెన్ ఇచ్చిందనుకోండి, మండీ ఏజెంట్ అదే టోకెన్ పట్టుకెళ్లి లారీ ఏజెంట్ దగ్గర బండి బుక్ చేసేసింది. లారీ ఏజెంట్ సంతకం చూసింది, రైతుదే, సరే అంది. ఏయూడీలో 'మండీ' అని ఉంది కదా, చూసి ఉంటే అక్కడే ఆగేది. లారీ కావాలంటే మండీ ఏజెంట్ రైతుని అడిగి, లారీ పేరు మీద ఇంకో టోకెన్ తెచ్చుకోవాల్సిందే.

ఏజెంట్లు మాట్లాడుకునే ప్రోటోకాల్ ఏ2ఏలో, ఏజెంట్ ఏమేం చేయగలదో చెప్పే ఏజెంట్ కార్డు ఉంది కదా అంటారా? అది అంగడి ముందు బోర్డు లాంటిది. 'పేమెంట్లు చేయబడును' అని ఎవరైనా రాయించుకోవచ్చు. కార్డు మీద సంతకం ఉంటే బోర్డు ఎవరు రాయించారో తెలుస్తుంది, అంతే.

అన్నట్టు, టోకెన్ హెడర్‌లో 'నన్' (సంతకమే లేదని అర్థం) అని అల్గారిథం వస్తే కళ్లు మూసుకుని తిప్పి పంపండి.

అభ్యాసం: రైతు, మండీ, లారీ, మూడు ఏజెంట్లు రాయండి. లారీకి ఐదు చెడ్డ మెసేజ్‌లు పంపండి: ఒక బైట్ మారినది, గడువు దాటినది, మండీకిచ్చినది, రెండోసారి పంపినది, అల్గారిథం 'నన్' అన్నది. ఐదూ ఆగాలి, ఏది ఎందుకు ఆగిందో లాగ్‌లో విడివిడిగా పడాలి. అన్నిటికీ 'సంతకం తప్పు' అని ఒకే ఎర్రర్ రాసి పంపితే నేను చూడను.