మిర్చి సీజన్‌కు ముందే ఫోను, ఖాతా, కొట్లో కంప్యూటర్ సరిచూసుకోండి

సంక్రాంతి దాటిందంటే గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీల (మిర్చి బస్తాల) రాక ఊపందుకుంటుంది. వేసవి సెలవులు ఇచ్చే దాకా పల్నాడు, ప్రకాశం పల్లెల్లో ఏడాదంతా పడిన కష్టం లారీలెక్కి ఇక్కడికే వస్తుంది. సరుకు అమ్మిన డబ్బు ఎక్కువగా బ్యాంకు ఖాతాల్లోనే పడుతుంది. ఆ సంగతి సైబర్ దొంగలకూ తెలుసు. కాటాల హడావుడి మొదలైతే ఎవరికీ ఊపిరి సలపదు. అందుకే ఈ పనులన్నీ ముందుగానే చేసుకోవాలి.

రైతులకు అన్నిటికన్నా పెద్ద ముప్పు వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు. పీఎం కిసాన్ జాబితా అనో, వాహనం చలానా అనో, బ్యాంకు కేవైసీ అనో దానికి పేరు పెడతారు. నొక్కితే యాప్ ఎక్కుతుంది, మెసేజ్‌లు చదివేందుకు అనుమతి అడుగుతుంది. సరే అన్నారో, బ్యాంకు పంపే ఓటీపీలు మీతోపాటు దొంగకూ చేరతాయి. మీరు ఎవరికీ ఓటీపీ చెప్పకపోయినా ఖాతా ఖాళీ అవుతుంది. ఇంకో సంగతి జాగ్రత్తగా గమనించండి. ఇలాంటి యాప్ ఎక్కిన ఫోను నుంచి అదే ఫైలు అందులో ఉన్న నంబర్లకూ గ్రూపులకూ వెళ్లిపోవచ్చు. అంటే అది మీ బావమరిది నంబరు నుంచో, ఊరి రైతుల గ్రూపు నుంచో రావచ్చు. పంపినవారు తెలిసినవారే కదా అని నమ్మడానికి లేదు. ప్రభుత్వ పథకమైనా, బ్యాంకు యాప్ అయినా ప్లే స్టోర్ నుంచే దించుకోవాలి.

ఫోను సెట్టింగ్స్‌లో ‘తెలియని యాప్‌ల ఇన్‌స్టాలేషన్’ అని ఒక చోటు ఉంటుంది. అందులో వాట్సాప్‌కు, క్రోమ్‌కు, ఫైల్ మేనేజర్‌కు ఉన్న అనుమతి తీసేయండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే రెండు నిమిషాల పని. అప్పుడు పొరపాటున వేలు తగిలినా ఫైలు దానంతటది ఎక్కదు. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే గానీ తీసుకోవడానికి కాదని పెద్దవాళ్లకు ఒకటికి రెండుసార్లు చెప్పండి. ఆధార్ వేలిముద్రతో డబ్బు తీసే అలవాటు లేనివారు ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోవడం మంచిది. దస్తావేజుల మీది వేలిముద్రల నుంచి నకళ్లు తయారుచేసి ఖాతాలు ఊడ్చిన కేసులు ఉన్నాయి.

ఇక కమీషన్ కొట్లు, ఎగుమతిదారులు. ఇక్కడ మోసం చాలా నిదానంగా జరుగుతుంది. ముందుగా ఎవరిదో ఒకరి ఈమెయిలు పాస్‌వర్డు దొరకబుచ్చుకుంటారు. తొందరపడకుండా ఉత్తరప్రత్యుత్తరాలన్నీ చదువుతూ కూర్చుంటారు. సరిగ్గా చెల్లింపు సమయానికి ‘మా పాత ఖాతా ఆడిట్‌లో ఉంది, ఈసారికి ఈ ఖాతాకు వేయండి’ అని ఒక లేఖ వస్తుంది. బిల్లు నంబరు, లారీ నంబరు, తూకం అన్నీ సరిగ్గానే ఉంటాయి. ఖాతా నంబరు ఒక్కటే వేరు. పంపిన చిరునామాలో ఒక అక్షరం తేడా ఉండవచ్చు. అసలు ఈమెయిలు పెట్టెలోంచే పంపితే ఆ తేడా కూడా ఉండదు.

దీనికి నాకు తెలిసిన గట్టి విరుగుడు ఒక్కటే. ఖాతా మారిందని ఏ రూపంలో కబురు వచ్చినా, డైరీలో పాతగా రాసి ఉన్న నంబరుకు ఫోన్ చేసి అవతలి యజమానితో స్వయంగా మాట్లాడాలి. ఆ లేఖలో ఇచ్చిన నంబరుకు మాత్రం చేయకూడదు. ఆర్‌టీజీఎస్, ఎన్‌ఈఎఫ్‌టీలకు కూడా డబ్బు పంపేముందు ఖాతాదారు పేరు చూపించే సదుపాయం 2025 ఏప్రిల్ 1 నాటికి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులనూ ఆదేశించింది. ఆ పేరు చదవకుండా ముందుకు వెళ్లవద్దు. యజమానులకు ఇంకో మనవి. ‘నా పేరుతో మెసేజ్ వచ్చినా సరే, నా గొంతు వినందే పెద్ద మొత్తం పంపవద్దు’ అని సీజన్‌కు ముందే గుమస్తాతో చెప్పండి. చెప్పాక, అతను నిజంగానే మీ చెల్లింపు ఆపిన రోజున కసురుకోకండి.

కొట్లో కంప్యూటర్‌కు వచ్చే అప్‌డేట్లను వాయిదా వేయవద్దు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేటును మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది! సాయంత్రం లెక్కలు ముగిశాక టాలీ డేటాను విడి డిస్కులోకి ఎక్కించి, డిస్కు ఊడదీసి బీరువాలో పెట్టండి. తగిలించి ఉంచిన డిస్కుకూ తాళం పడుతుంది.

హమాలీ కుర్రాళ్లకు, విద్యార్థులకు కమీషన్ ఆశ చూపి, దొంగ సొమ్ము దాటించడానికి ఖాతాలు అద్దెకు అడిగేవాళ్లు ఉన్నారు. ఇస్తే కేసులో ఇరుక్కుంటారు. ఈ మాట యార్డులో అందరికీ చేరాలి.

ఇన్ని చేసినా డబ్బు పోతే ఏడుస్తూ కూర్చోవద్దు, సిగ్గుపడి దాచవద్దు. ఫోన్లో డేటా ఆపేసి, వేరే ఫోను నుంచి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. యూపీఐ లావాదేవీ అయితే 12 అంకెల నంబరు, సమయం, మొత్తం దగ్గర పెట్టుకోండి. డబ్బు చేరిన బ్యాంకుకు కబురు వెళ్లి, అది అక్కడ ఇంకా ఉంటే నిలిపివేస్తారు. దొంగలు ఖాతాలు మార్చుకుంటూ పోతారు కాబట్టి ప్రతి నిమిషమూ విలువైనదే. మీ బ్యాంకుకూ చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. 2017 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, ఓటీపీ మీరే చెప్పి ఉన్నా, బ్యాంకుకు తెలిపిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే. ఆ తర్వాత ‘మీ డబ్బు ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే వాళ్లకు పైసా ఇవ్వవద్దు. 1930లో ఫిర్యాదుకు ఏ రుసుమూ లేదు.