పాత బిజినెస్ జెట్ కొనడం – పాఠం 4: లాగ్‌బుక్కులు చదవడం

పోయిన పాఠంలో మన అవసరానికి గల్ఫ్‌స్ట్రీమ్ జీ550ని ఎంచుకున్నాం. 2003లో సర్టిఫికేషన్ వచ్చింది, 2021 దాకా తయారైంది. 8 మందితో మాక్ 0.80 (ధ్వని వేగంలో 80 శాతం) వేగంలో 6,750 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 12,500 కిలోమీటర్లు ఎగురుతుంది. హైదరాబాద్ నుంచి లండన్‌కి తేలిగ్గా వెళ్తుంది, న్యూయార్క్‌కైతే మధ్యలో ఒకచోట దిగాలి.

ఈరోజు విమానం దగ్గరికి వెళ్లం. లోపలి తోలు సీట్లు, మెరిసే చెక్కపని చూస్తే మనసు పారేసుకుంటాం. ముందు కాగితాలు.

పొలం కొనేటప్పుడు మూల దస్తావేజు నుంచి లింకు డాక్యుమెంట్లన్నీ అడుగుతాం కదా, ఇక్కడా అంతే. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు మొదలు నిన్నటిదాకా లాగ్‌బుక్కులు, అంటే విమానం ఎగిరిన గంటలు, చేసిన తనిఖీలు, రిపేర్లు రాసే పుస్తకాలు, వరుసగా ఉండాలి. మధ్యలో ఒక్క పుస్తకం పోయినా విమానం ధర బాగా పడిపోతుంది. గడువున్న భాగాల (ఇంతకాలం వాడాక తప్పక మార్చాల్సినవాటి) వయసు రుజువు చేసే దారి ఉండదు కాబట్టి వాటిని మళ్లీ మార్చాల్సి రావచ్చు. పెద్ద రిపేరు ఏదైనా జరిగితే, ఏం దెబ్బ తగిలింది, ఎవరు బాగుచేశారు, ఏ అనుమతితో చేశారు, ఈ మూడూ రాసి ఉండాలి.

తర్వాత రెండు అంకెలు పక్కపక్కన పెట్టండి: మొత్తం గంటలు, మొత్తం ల్యాండింగ్‌లు. గంటల్ని ల్యాండింగ్‌లతో భాగిస్తే సగటు ప్రయాణం తెలుస్తుంది. దూరాలు తిరగాల్సిన జెట్‌లో ఆ సగటు గంట దగ్గరే ఉందంటే, చక్రాల వ్యవస్థ, బ్రేకులు, క్యాబిన్ గోడలు ఎక్కువ శ్రమ పడ్డాయన్నమాట.

తక్కువ గంటలు తిరిగిందని మురిసిపోకండి. నేనైతే నెలల తరబడి కదలని విమానం కంటే క్రమంగా ఎగిరినదాన్నే నమ్ముతాను. కదలకపోతే సీళ్లు ఎండుతాయి, సముద్రం పక్కన నిలబెడితే తుప్పు పడుతుంది. పెద్ద తనిఖీల్లో చాలావాటికి నెలల లెక్క ఉంటుంది. ఎగిరినా ఎగరకపోయినా ఆ తేదీ వచ్చేస్తుంది. వచ్చే పెద్ద తనిఖీ ఆరు నెలల్లోనే ఉంటే, ఆ ఖర్చు ధరలో తగ్గించమని ఇప్పుడే అడగాలి.

ఇక ఇంజిన్లు. జీ550లో రోల్స్‌రాయిస్ బీఆర్710లు రెండు ఉంటాయి. వీటికి కార్పొరేట్‌కేర్ అనే పథకం ఉంది. యజమాని ఎగిరిన గంటకి ఇంత అని కడుతూ పోతే, ఓవర్‌హాల్ (ఇంజిన్ మొత్తం విప్పి బాగుచేయడం) ఖర్చు పథకమే చూసుకుంటుంది. పథకం లేకపోతే ఆ బిల్లు మీది, అది లక్షల డాలర్లలో ఉంటుంది. ఇంజిన్లు పథకంలో ఉన్నాయా, బాకీలు ఏమైనా ఉన్నాయా, మీ పేరుకి బదిలీ అవుతుందా అన్నది బ్రోకర్ నోటిమాటగా వద్దు, ఇంజిన్ కంపెనీ నుంచే రాతపూర్వకంగా తెప్పించుకోండి.

అభ్యాసం: రెండూ 2010 విమానాలే అనుకుందాం. మొదటిది 4,900 గంటలు, 1,900 ల్యాండింగ్‌లు, రికార్డులు పూర్తిగా ఉన్నాయి. రెండోది 2,100 గంటలు, 1,700 ల్యాండింగ్‌లు, మధ్యలో 14 నెలల రికార్డు లేదు, ధర తక్కువ. సగటులు లెక్క కట్టి, రెండో విమానం అమ్మేవాళ్లని అడగాల్సిన ఐదు ప్రశ్నలు రాయండి. జవాబులతో 5వ పాఠం మొదలుపెట్టి, ఒక్లహోమా సిటీలోని ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) రిజిస్ట్రీలో టైటిల్, అంటే యాజమాన్య హక్కు, వెతకడం, ఎస్క్రోలో, అంటే బేరం పూర్తయ్యేదాకా మధ్యవర్తి దగ్గర, అడ్వాన్సు ఉంచడం నేర్చుకుందాం.